తుమ్మకొమ్మకు కట్టిన మూట

పుష్కరాలు అయిపోయి పదిహేను రోజులు దాటినా పోచంపాడ్ దగ్గర గోదావరి ఒడ్డు మాత్రం ఇంకా పుష్కరాల్లోనే ఉంది. మనుషులు వెళ్ళిపోయారు గాని వాళ్ళు తెచ్చినవన్నీ ఇక్కడే వదిలిపోయారు. తెగిన చెప్పులు, వాడిన దండలు, రవికె గుడ్డలు, గుండ్లు కొట్టించుకున్నవాళ్ళ వెంట్రుకలు, తిని పడేసిన విస్తర్లు. అన్నిటికీ మించి కవర్లు. పదేళ్ళ కింద ఆర్మూర్ అంగట్లో ఉప్పయినా పప్పయినా కాగితంలోనే కట్టి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు కుంకుమ కొన్నా కవరే, కొబ్బరికాయ కొన్నా కవరే. గాలికి లేచిన కవర్లన్నీ ఒడ్డు పొడుగునా ఉన్న తుమ్మచెట్ల ముళ్ళకు తగులుకొని రెపరెపలాడుతున్నాయి. దూరం నుంచి చూసినవాళ్ళు తుమ్మలకు ఇదేదో కొత్తరకం పూత అనుకోవాలి.

ఆ ఒడ్డును బాగుచేయడానికి ఆర్మూర్‌లోని గోదావరి మిత్రమండలి నడుం కట్టింది. మండలికి అధ్యక్షుడు రాజేశ్వర్ సేటు. రైతుల పసుపు కొని అమ్మే అడ్తి ఆయనది. పసుపుకొమ్మును చేతిలోకి తీసుకోనక్కర్లేదు, నాలుగడుగుల దూరంలో నిలబడి కుప్పను చూసి అది ఏ ఊరి పసుపో, ఎన్ని ఎండలు తిన్నదో చెప్పేస్తాడని బజార్లో పేరు. ఆ పేరంటే సేటుకు మహా ఇష్టం.

మూడు రోజుల శ్రమదానమన్నారు. మూడోరోజు జిల్లా నుంచి పెద్దాఫీసరు వచ్చి చూస్తాడన్నారు. మండలిలో సభ్యులు ఇరవైమంది. అందరికీ తెల్లటోపీలు, రొమ్మున గుడ్డబిళ్ళలు. ఇరవైమందీ వంగి చెత్త ఏరితే ఒడ్డు ఏమవుతుందో గాని వాళ్ళ నడుములు ఏమవుతాయో సేటుకు తెలుసు. అందుకని తన గోదాములో పసుపు ఏరే ఆడవాళ్ళను పన్నెండుమందిని ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించాడు.

“శ్రమదానమంటె ఏందే నీలవ్వా?” అని దారిలో ఎంకవ్వ అడిగింది.

“దానమంట.”

“దానమంటె ఎవలన్న అడిగితె ఇచ్చేది. మనల్ని అడిగిందెవడు? ఎక్కుమన్నరు, ఎక్కినం.”

“జర మెల్లగనవే. ముంగట దేవరాజున్నడు.”

ట్రాక్టరు నడుపుతున్న దేవరాజుకు ఆ మాటలు వినపడనే వినపడ్డాయి. వెనక్కి తిరగకుండా నవ్వుకున్నాడు. అతన్ని కూడా ఎవరూ అడగలేదు మరి.

నీలవ్వకు నలభై ఐదు దాటాయి. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా సేటు గోదాములో పసుపు కుప్ప ముందు కూర్చోవడం ఆమె పని. పొడుగాటి కొమ్ములొక పక్క, గుండ్రటి గోళ ఒక పక్క, పుచ్చు ఒక పక్క. కళ్ళతో చూడనక్కర్లేదు, పక్కనున్న ఎంకవ్వతో ముచ్చట పెడుతూ ఉంటే వేళ్ళే ఏరేస్తాయి. అయితే ఆ కుప్ప ముందు కూర్చునే భాగ్యం ఎవరికో సీజను మొదటిరోజున సేటు వాకిట్లో నిలబడి చెప్తాడు. సేటు వద్దన్నవాళ్ళు ఆ ఏడు ఇంకెక్కడికీ పోలేరు. ఒక అడ్తిలో వద్దన్న మనిషిని ఇంకో అడ్తిలో రానియ్యరు. కాబట్టి భాద్రపదంలో సేటు ట్రాక్టరెక్కమంటే ఎక్కడికని అడిగే ఆడది ఆ పన్నెండుమందిలో లేదు.

మొదటిరోజంతా ఘాటు మెట్లు, వాటి ముందున్న ఇసుక. నీలవ్వ కొంగు నడుముకు దోపి, తడి ఇసుకలో కూరుకుపోయిన గుడ్డల్ని రెండు చేతులా పట్టి లాగింది. ఒక్కొక్క గుడ్డ వెంట గంపెడు ఇసుక లేచి వచ్చేది. వెంట్రుకలు మరీ కష్టం, వేళ్ళ సందుల్లో చుట్టుకొని ఊడిరావు. టోపీలవాళ్ళు గంట సేపు చీపుర్లు పట్టుకున్నారు. ఫోటోలు తీసే ఆయన రాగానే వరసగా వంగారు, ఆయన చాలనగానే వరసగా లేచారు. మధ్యాహ్నం అందరికీ పులిహోర పంచారు. అదీ కవర్లలోనే. తిన్నవాళ్ళు ఎక్కడ తిన్నారో అక్కడే కవర్లు వదిలారు. ఆ కవర్లను ఏరింది కూడా నీలవ్వ, ఎంకవ్వలే.

రెండోరోజు తుమ్మచెట్ల వంతు వచ్చింది. కొక్కెం కట్టిన వెదురుకర్రతో కవర్లను ముళ్ళనుంచి లాగాలి. లాగితే సగం వస్తుంది, సగం చినిగి ముల్లుకే ఉంటుంది. మళ్ళీ లాగాలి. మెడలు పట్టేశాయి. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు, ఘాటుకు కాస్త ఎడంగా ఉన్న చెట్టు దగ్గర నీలవ్వ కర్రకు ఒక కవరు రానంది. ఎగిరొచ్చి చిక్కుకున్నది కాదు అది. ఎవరో పాతధోవతి పేలికతో కొమ్మకు గట్టిగా కట్టారు. నీలవ్వ కర్ర పక్కన పెట్టి, మోకాలెత్తున చీలిన మొదలు మీద కాలు పెట్టి పైకి లేచి, కొమ్మకున్న ముడి విప్పింది.

మూట చేతికి రాగానే లోపల గలగలమంది. నీలవ్వ అలవాటుగా కవరు పైనుంచే వేళ్ళతో తడిమింది. పొడుగాటి ముక్కలు, పొట్టి ముక్కలు. కొమ్ముకు ఉండే గణుపులు లేవు. కొమ్ముకు ఉండే బరువూ లేదు. చివరలు బోలుగా ఉన్నాయి. ఆమె వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. అవి ఎముకలు.

“ఏందే, బంగారం దొరికిందా?” అన్నాడు రాజేశ్వర్ సేటు. ఫోటో ఆయనను, మరో ఇద్దరు టోపీలను వెంటేసుకుని అటే వస్తున్నాడు.

“సేటు, గివి బొక్కలు. ఎవలో గంగల కలుపనీకె తెచ్చి చెట్టుకు కట్టుకున్నరు.”

సేటు మూటను ముట్టుకోలేదు. నీలవ్వ చేతిలోనే ఉండగా వేలితో కవరు మూతి కొంచెం పక్కకు జరిపి లోపలికి తొంగిచూశాడు. పసుపు చల్లిన ముక్కలు పచ్చపచ్చగా కనిపించాయి. ఆయన పకపకా నవ్వాడు.

“కొమ్ములే గదనే! పొద్దున లేస్తె పసుపుల మునిగి తేలేటోన్ని, నాకు చెప్తున్నవా? ఎవడో మొక్కు గట్టిండు. గది సుత పుచ్చు మాలు. దేవునికి సుత పుచ్చు మాలే ఇస్తరు మనోళ్ళు!”

టోపీలిద్దరూ విరగబడి నవ్వారు. ఫోటో ఆయన కూడా నవ్వాడు.

“గాదు సేటు. చేతికి తెలుస్తున్నది నాకు...”

“నీ చెయ్యి నాకంటె ఎక్కువ చదివిందా?” సేటు ఇంకా నవ్వుతూనే అన్నాడు గాని గొంతులో నవ్వు లేదు. “ట్రాలీల వెయ్యి. ఫోటో దియ్యాలె, పక్కకు జరుగు.”

నీలవ్వ మూట పట్టుకుని నిలబడింది. చెట్టుకు తిరిగి కట్టేయవచ్చు. ఎక్కడన్నా పక్కన పెట్టి, ఎవరూ చూడనప్పుడు తెచ్చి కట్టవచ్చు. ఇవన్నీ ఆమెకు తోచాయి. కాని సేటు చూస్తున్నాడు. నలుగురి ముందు సేటు పసుపన్నదాన్ని ఆమె బొక్కలంది, అది ఒక్కసారి అనడమే ఎక్కువ. నీలవ్వ ట్రాలీ దాకా నడిచి, పక్కచెక్క మీంచి చెయ్యి లోపలికి చాపి మూటను మెల్లగా దించింది. విసరలేదు. దించానన్న మాట తప్ప అందులో తేడా ఏమీ లేదని ఆమెకూ తెలుసు.

సాయంత్రానికి ట్రాలీ నిండింది. ఆర్మూర్ రోడ్డు పక్కన గుంత తవ్వించామని, చెత్తంతా అందులో పోసి మన్ను కప్పుతామని సేటు పొద్దున అందరికీ చెప్పి ఉన్నాడు. కాని ఆడవాళ్ళు నలుగురు పారలు పట్టుకుని ఎక్కాక ట్రాక్టరు రోడ్డెక్కలేదు. ఒడ్డు వెంటే కిందికి పోయి, గోదావరి వంపు తిరిగే చోట ఆగింది. ఘాటు మీద నిలబడి చూసేవాళ్ళకు ఆ చోటు కనపడదు.

“గుంత తవ్విన్రన్నరు గద దేవన్నా?” అంది ఎంకవ్వ.

“గుంతెవడు తవ్విండమ్మ? గీడ పొయ్యమన్నడు సేటు. రేపు సారొచ్చేది ఘాటు కాడికి. గీ మలుపు కాడికెవలొస్తరు?” దేవరాజు వాళ్ళ ముఖాలు చూడకుండా ట్రాలీని నీటి అంచుదాకా వెనక్కి జరిపి, వెనక చెక్క ఊడదీశాడు.

నలుగురూ పారలతో తోశారు. రెండు రోజులు నడుము విరిగేలా ఒక్కొక్కటే ఏరినదంతా బదాబదా నీళ్ళలో పడింది. చెప్పులు తేలాయి, కవర్లు గాలి నింపుకుని తేలాయి. నీలవ్వ చూపంతా ఆ మూట కోసమే. ఒక దండల కుప్ప కింద దాని ధోవతి పేలిక కనిపించింది. ఆమె వంగి అందుకునేలోపే ఎంకవ్వ పార దాన్ని తోసేసింది. మూట నీళ్ళలో పడి, కాసేపు తేలి, రెండుసార్లు తిరిగింది. ముడి సందులోంచి నీళ్ళు జొరబడ్డాయేమో, మెల్లగా ఒక పక్కకు ఒరిగి మునిగిపోయింది. చుట్టూ ఉన్న చెత్తంతా తేలుతూనే ఉంది. నీలవ్వ దండం పెట్టుకుందామనుకుంది. చేతుల్లో పార ఉంది.

“ఏమైందే?” అంది ఎంకవ్వ.

“ఏం గాలె. తొయ్యి.”

మూడోరోజు పొద్దున ఘాటు మీద షామియానా వేశారు. కుర్చీలు, మైకు, టేబులు మీద తెల్లగుడ్డ. ఒడ్డు నిజంగానే అద్దంలా ఉంది. తుమ్మచెట్లు మళ్ళీ తుమ్మచెట్లలా కనిపిస్తున్నాయి. పెద్దాఫీసరు పదకొండుకు వస్తాడని ఆడవాళ్ళను మెట్లు కడిగి, ఇసుక మీద నీళ్ళు చల్లమన్నారు.

నీలవ్వ బిందె మోస్తూ చూసింది. ఒక ముసలామె ఒంటరిగా తుమ్మచెట్ల కింద తిరుగుతోంది. యాభై ఐదు, అరవై ఉంటాయి. చేతులకు గాజులు లేవు, నుదుట బొట్టు లేదు. ఒక్కో చెట్టు కిందికి వచ్చి తలెత్తి పైకి చూస్తుంది, చుట్టూ తిరుగుతుంది, ఇంకో చెట్టు దగ్గరికి పోతుంది. చివరికి ఆ చెట్టు దగ్గర ఆగి, మొదలును చేత్తో పట్టుకుని, పైనున్న ఖాళీ కొమ్మను చూస్తూ అలాగే నిలబడిపోయింది. నీలవ్వకు చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది. బిందె దించి అటు పోయింది.

“ఏందక్కా లెంకుతున్నవ్?”

“మూట చెల్లె. గీ కొమ్మకే కట్టిన. గుర్తుకు మొదట్ల రాయి సుత పెట్టిన. ఏడవాయె?” ఆమె గొంతులో ఏడుపు ఇంకా రాలేదు, కంగారే ఉంది. “మాది సిరికొండ. నా పేరు భీమవ్వ. మా ఇంటాయన పోయి పన్నెండొద్దులాయె. మగపిల్లలు లేరు నాకు. బొక్కలు గంగల కలుపుదామని నేనే తెచ్చిన. కుండల తెస్తె కండక్టరు బస్సెక్కనియ్యడని కవర్ల కట్టి సంచిల పెట్టుకున్న.”

“తెచ్చినంక కలుపకపోయినవా అక్కా?”

“ఎట్ల కలుపుదు? పేరు పట్టి పిలిచి ఇడువాలె గద. పేరు పలుకకుంట ఇడిస్తె ఎవనివో ఏందో గంగకెట్ల ఎరుక? ఆయన పేరు నేనెట్ల పలుకుత?” అదేదో నీలవ్వకు తెలియనట్లు భీమవ్వ ఆమె ముఖంలోకి చూసింది. “నలభై ఏండ్లల ఒక్కపారి పలుకలే. పంతులున్నడా అంటె పుష్కరాలు కాంగనే పోయిండన్నరు. ఎవలినన్న బతిమాలుదామంటె ఆళ్ళకు పేరు నేనే చెప్పాలె. అందుకని దొంకేశ్వర్ పోయిన, మా మరిదిని తోల్కరానీకె. బొక్కలు ఇండ్లల్లకు తీస్కపోవద్దు, నేల మీద పెట్టొద్దని చెట్టుకు కట్టిపోయిన. మరిది రేపొస్తనన్నడు. అందాక కావలుందామని నేను ముంగటొచ్చిన.”

కట్టిన చోటు తప్పు కాదు, కట్టిన తీరు తప్పు కాదు. కుండలో ఉంటే ఆర్మూర్ సేటు కాదు గదా, ఆయన తాత కూడా పసుపనేవాడు కాదు.

“అక్కా,” అంది. “మూట గంగలనే ఉన్నది.”

భీమవ్వకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నీలవ్వ రెండు భుజాలు పట్టుకుంది.

“ఎవలేసిన్రు? ఎవలు చెప్పిన్రు ఏయమని? ఎట్లేసిన్రు?”

అప్పుడే జీపులు వచ్చాయి. పెద్దాఫీసరు దిగాడు, దండలు పడ్డాయి, అందరూ షామియానా కిందికి నడిచారు. భీమవ్వ నీలవ్వను విడిచిపెట్టలేదు, చెప్పమంటూ గట్టిగా ఏడుపందుకుంది. ఆ ఏడుపు మైకులో మాట్లాడుతున్న సేటు మాటల మీదికి వచ్చింది. కుర్చీల్లో తలలు వెనక్కి తిరిగాయి.

“ఎవరండీ ఆవిడ? ఏమయింది?” అన్నాడు ఆఫీసరు.

టోపీలవాడొకడు పరుగెత్తుకుంటూ వచ్చి భీమవ్వను పక్కకు లాగబోయాడు. నీలవ్వ అతని చెయ్యి తోసేసింది. అంత పని తాను చేయగలదని ఆమెకే తెలియదు. భీమవ్వ చెయ్యి పట్టుకుని షామియానా ముందుకు నడిచింది. ఈ నాలుగు మాటలు అనేస్తే వచ్చే మాఘంలో తన కుప్ప ముందు ఇంకెవరో కూర్చుంటారు. అయినా సరే, అనేయాలి. నిన్న గట్టిగా అనలేకపోయింది చాలు.

“సేటు,” అంది. “నిన్న నేను నీకు చెప్పిన, గవి బొక్కలని. గీ అక్క పెనిమిటియంట. పసుపన్నవు నువ్వు. మనం గవిటిని తీస్కపోయి గంగల...”

రాజేశ్వర్ సేటు కనురెప్పలు ఒక్కసారి కొట్టుకున్నాయి. అంతే. బేరంలో అవతలివాడు మాట తడబడితే ఎక్కడ అందుకోవాలో ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషి. నీలవ్వ నోట ‘గంగల’ అన్న మాట పూర్తికాకముందే మైకులో అందుకున్నాడు.

“గంగల కలిపినం! సార్, నేను చెప్పుకోవద్దనుకున్న. గీ అమ్మనే వచ్చింది గనుక చెప్తున్న. నిన్న చెట్టు మీద మావోళ్ళకు ఒక మూట దొరికింది. పారేద్దామన్నరు. నేను చూడంగనే గుర్తువట్టిన, గివి అస్థికలని. ఎవరో పుణ్యాత్మునివి, దిక్కులేనట్ల చెట్టుకుండొద్దన్న. మా మండలి తరఫున పూలు వెట్టి, పసుపు సల్లి, దగ్గరుండి భక్తితోని గంగమ్మల కలిపినం. మేం ఊడ్చేది చెత్తనొక్కటే గాదు సార్!”

ఆఫీసరు ముఖం మెత్తబడింది. “చాలా గొప్ప విషయమండీ,” అని తానే ముందు చప్పట్లు కొట్టాడు. టోపీలన్నీ కొట్టాయి. నిన్న నవ్విన ఇద్దరూ కొట్టారు. ఎంకవ్వతో నిలబడి ఉన్న ఆడవాళ్ళు ఎటు చూడాలో తెలియక ఇసుక వైపు చూశారు.

భీమవ్వ ఏడుపు ఆగిపోయింది. మైకులోంచి అంత పెద్దమనిషి తన పెనిమిటిని పుణ్యాత్ముడనడం ఆమె విన్నది. పూలన్నాడు, పసుపన్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, కుర్చీల మధ్యనుంచి తడబడుతూ నడిచి, వంగి రాజేశ్వర్ సేటు కాళ్ళకు మొక్కింది. ఫోటో ఆయన ఒక మోకాలు నేలకు ఆనించి, ఒకటి కాదు, మూడు ఫోటోలు తీశాడు. వంగిన ఆమె వీపు మీంచి సేటు నీలవ్వను చూశాడు.

“ఏం నీలవ్వా, నువ్వు సుత ఉంటివి గద నిన్న?”

భీమవ్వ తలెత్తి నీలవ్వను చూసింది. ఆ ముఖంలో పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి కాస్త నెమ్మది కనిపిస్తోంది. ‘చెత్తతో కలిపి పారలతో తోశాం’ అన్న మాట నీలవ్వ నాలుక చివరికి వచ్చింది. అది ఇప్పుడు సేటుకు తగలదు. చప్పట్లలో ఆయనకు ఏదీ తగలదు. తగిలేది ఈమెకే.

“ఉన్న, సేటు,” అంది నీలవ్వ.

జీపులు వెళ్ళిపోయాయి. పులిహోర కవర్లు మళ్ళీ ఇసుక మీద పడ్డాయి. ఈరోజు ఏరమని ఎవరూ అనలేదు. దేవరాజు షామియానా గుంజలు ట్రాలీలో వేస్తున్నాడు. భీమవ్వ నీలవ్వ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

“చెల్లె, ఏడ ఇడిసిన్రో గా జాగ చూపియ్యి. ఇన్ని నీళ్ళు నెత్తిన చల్లుకొని పోత. మరిదిని సుత రావద్దని చెప్త, ఇగ ఆయనకెందుకు తక్లీబు?”

వంపు దగ్గర చెప్పులు, కవర్లు ఇంకా అక్కడక్కడే తిరుగుతుంటాయి. నీలవ్వ ఆమెను అటు తీసుకుపోలేదు. తాము ఉదయం నీళ్ళు చల్లి కడిగిన ఘాటు మెట్ల మీంచి దింపి, అన్నిటికంటే కింది మెట్టు దగ్గర నీళ్ళు తేటగా ఉన్నచోటు వేలితో చూపించింది.

“ఈడనే అక్కా.”

అబద్ధం చెప్పడం ఇంత సులువా అని ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. సేటు చెప్పిన అబద్ధాన్నే తానూ మోస్తోంది. సేటుకు దానివల్ల ఫోటో దక్కింది. తనకు ఇదిగో, ఈ ముసలామె అరచెయ్యి దక్కింది. గరుకుగా, వెచ్చగా ఉంది ఆ చెయ్యి.

భీమవ్వ మెట్టు మీద కూర్చుని దోసిట్లో నీళ్ళు తీసుకుంది. నెత్తిన చల్లుకోబోయి ఆగింది.

“పేరు పలికిన్రా చెల్లె?”

“పలికిన్రు అక్కా.”

భీమవ్వ కళ్ళు మూసుకుని, పెద్దగా ఊపిరి వదిలింది. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారుతున్నాయి. తర్వాత కళ్ళు తెరిచి, నలభై ఏళ్ళు తన నోటితో పలకని పేరును ఇంకొకరి నోట ఒక్కసారి వినాలన్న ఆశతో, కొంచెం సిగ్గుగా నీలవ్వ వైపు వంగింది.

“ఏమని పలికిన్రు?”

నీలవ్వ నోరు తెరిచింది. సిరికొండలో మగవాళ్ళకు ఉండగల పేర్లన్నీ ఒకదాని వెనక ఒకటి నాలుక మీదికి వచ్చాయి. భూమయ్యా? ముత్తెన్నా? ఏదో ఒకటి అనేస్తే తగలొచ్చు. తగలకపోవచ్చు. పైన దేవరాజు ట్రాక్టరు స్టార్టు చేసి, రమ్మని హారను కొట్టాడు. ఎంకవ్వ నీలవ్వను పేరు పెట్టి పిలిచింది.

మెట్టు మీద భీమవ్వ ఇంకా చెవి ఒగ్గి వింటూనే ఉంది.